పిండిమర దగ్గర కారు

మా ఆవిడ ఎలక్ట్రిక్ కారు కొంటానన్నప్పుడు నేను అడిగింది ఒక్కటే. "ఛార్జింగు ఎక్కడ పెడతావు, నా నెత్తి మీదా?"

నర్సీపట్నంలో మేం అద్దెకుండేది రెండో అంతస్తులో. కింద ప్లగ్గు పెట్టుకోవడానికి ఇంటి ఓనరు ససేమిరా అన్నాడు. ఊరి చివర బంకులో ఛార్జరు ఉందన్న మాటే గానీ, అది పనిచేసే రోజున మనకి అదృష్టం ఉండాలి. అయినా కొంది. ఆమె పంతులమ్మ. బడి చింతపల్లి వైపు కొండల మీద. బస్సుల్ని నమ్ముకుంటే వారమంతా అక్కడే గది తీసుకుని ఉండాలి. కారుంటే రోజూ సాయంత్రానికి మా దగ్గరికి, మా పాప దగ్గరికి వచ్చేస్తుంది.

ఛార్జింగు సంగతి ఆమే తేల్చుకుంది. బడి పక్కన ఒక పిండిమర ఉంది. కరెంటు బిల్లులో వాటా ఇచ్చేలా మర నడిపే ఆవిడతో మాట్లాడుకుంది. మర, కారు ఒకేసారి నడిస్తే ఫ్యూజు ఎగిరిపోతుంది కాబట్టి వంతులు. చోళ్లు, అదే రాగుల మూటతో ఎవరొచ్చినా ముందు వాళ్లది ఆడాలి, తర్వాతే కారు. ఈ నియమం పెట్టింది మరావిడ కాదు, మా ఆవిడే!

ఇన్ని మర్యాదలతో కారు నడవదని, అమ్మేద్దామని నేను పోరి పోరి, చివరికి కొనేవాణ్ణి కూడా చూశాను.

"సరే, శనివారం సాయంత్రం రమ్మనండి. ఆ రోజు మీరు నాతో ఒకసారి కొండకి రండి. తర్వాత మీ ఇష్టం" అంది.

సరిగ్గా ఆ శనివారమే ఎవరో పెళ్లివారు మర ముందు బస్తాలు దింపారు. బడి వదిలినా మర ఆగలేదు.

"పంతులమ్మగారూ, మీ బండికి పెట్టడం అవనేదండి. ఏటి సేస్తారిప్పుడు?" అంది మరావిడ.

"దిగడమే కదమ్మా, పర్లేదు. పెళ్లి పని కానివ్వండి."

నాకు ఒళ్లు మండిపోయింది. "మధ్యలో ఆగిపోతే తోసేదెవరు?" అన్నాను కారెక్కుతూ.

"మీరున్నారుగా" అంది.

పల్లంలో దిగేటప్పుడు ఆక్సిలరేటరు మీంచి కాలు తీస్తే చక్రాలే బ్యాటరీకి కరెంటు పంపుతాయని నాకూ తెలుసు. నమ్మకమే లేదు. నేను స్టీరింగు వెనక బ్యాటరీ ఎంత మిగిలిందో చూపించే అంకెనే చూస్తూ కూర్చున్నాను. ఆమె మాత్రం రోడ్డు చూస్తోంది. వెనక లారీవాడు హారన్ కొట్టి చంపుతున్నా తొందరపడలేదు, దారిచ్చి పంపేసింది. ప్రతి మలుపుకీ ముందే కాలు తీసేది. అంకె కదిలింది, ఒక్కొక్కటే పెరిగింది. ఘాట్ దిగేసరికి పైన బయలుదేరినప్పటి కంటే ఎక్కువే ఉంది. నేను ఆఫీసు కుర్చీలో కునికే వేళకి ఈమె రోజూ చేసే పని ఇదన్నమాట. ఎంత ముచ్చటేసిందో చెప్పలేను.

వెలుతురుండగానే ఇల్లు చేరాం. గేటు దగ్గర కొనేవాడు నిలబడి ఉన్నాడు. పాప పరుగెత్తుకొచ్చి వాళ్లమ్మ చంకెక్కేసింది.

"ఏమనుకోకండి, అమ్మడం లేదు" అన్నాను.

ఆయన తెల్లబోయాడు. "అదేటండీ? ఇంట్లో ఛార్జింగే నేదని సెప్పారు కదా. మరెందుకండీ మీకిది?"

"ఇంటికి రావడానికండి" అన్నాను.