పదును ఆరకముందే

నా చిన్నప్పుడు, పుత్తూరుకు దగ్గర్లోని మా పల్లెలో, ఆడది నాగలి పడితే వాన ముఖం చాటేస్తుందని గట్టిగా నమ్మేవాళ్లు. మా పక్కింటి అక్కకు భర్త పోయాడు, ఎద్దులు లేవు. ఉన్నదల్లా వేరుశెనగ వేసే చిన్న చేను, ముసలి అత్త. వాన పడితే మగవాళ్లు తమ చేలు దున్నుకున్నాకే ఆమె చేను వైపు చూసేవాళ్లు. అప్పటికి నేలలో పదును ఆరిపోయి, విత్తనం సగం కూడా మొలిచేది కాదు. ఈసారీ పంట పోతే చేను అమ్మేసి కూలికి పోవడమేనని మా అమ్మ దగ్గర ఏడ్చింది.

ఆ ఏడే మా తాతయ్య ఊళ్లోకి మొదటి ట్రాక్టరు తెచ్చాడు. దానికో డ్రైవరును పెట్టాడు. ఎండాకాలంలో మా బీడులో ఆ డ్రైవరు చేత అక్కకు కూడా నడపడం నేర్పించాడు. ముసలాయనకు పొద్దుపోక పెట్టుకున్న ముచ్చట అని ఊరంతా నవ్వుకుంది. పనిలేక ఎండలో నిలబడే మనిషి కాదు మా తాతయ్య.

తొలకరి దంచి కొట్టింది. ఆ బురదలో డ్రైవరు జారిపడి చెయ్యి విరగ్గొట్టుకొని, పుత్తూరు కట్టు కట్టించుకోవడానికి వెళ్లాడు. తెల్లారి తాతయ్య వెంట ఉండగా అక్క ట్రాక్టరెక్కింది. ఎదురింటి పెద్దాయన అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. మా ట్రాక్టరుంది కదా అనే ధీమాతో ఎద్దులను సంతలో అమ్ముకున్న మనిషి ఆయన!

"ఆడది మడక పడితే వాన రాదు. తెలీదా అన్నా నీకు?"

"వాన కురిసే పోయింది కదప్పా, ఇంకేమి రాకుండా పోయేది?" అన్నాడు తాతయ్య. "నీకంత బయముంటే నీ సేను వదిలేస్తాంలే."

ఆ రోజు ఊళ్లో మొట్టమొదట దున్నింది అక్క చేనే. చాళ్లు కాస్త వంకర పోయాయి, నిజమే. తాతయ్య ఎవరితోనూ వాదించకుండా గట్టు మీద కూర్చొని వక్కాకు నములుతూ ఉన్నాడు. మర్నాడు ఎండ కాసి నేల ఆరడం మొదలైంది. సాయంత్రానికి ఆ పెద్దాయనే మా ఇంటికి వచ్చాడు.

"నన్నడిగితే ఏమొస్తాది? నడిపేది ఆ పాప. ఆడికి పోయి అడుగు" అన్నాడు తాతయ్య.

ఆయన అక్క గుమ్మం ముందు తల వంచుకొని నిలబడ్డాడు. అంతవరకు ఆయన ఆమెను పలకరించగా నేను చూడలేదు. అక్క నాలుగు మాటలని దులిపేస్తుందని నేను ఆశగా చూశాను.

"తెల్లారే వస్తాను మామా. విత్తనాలు సిద్ధం సేసుకో" అంది, అంతే.

అన్నట్టే తెల్లారి ఆయన చేను శ్రద్ధగా దున్నిపెట్టింది. ఆ ఏడు అక్క చేను నిండుగా మొలిచింది. వానలూ బాగానే కురిశాయి.

ఎవరైనా నా పనికి అడ్డం వస్తే వాదించకుండా ముందు పని మొదలుపెట్టడం తాతయ్య దగ్గర నేర్చుకున్నాను. అడ్డుపడినవాడి చేను కూడా శ్రద్ధగా దున్నిపెట్టడం అక్క దగ్గర నేర్చుకున్నాను. ఆ రెండోది ఈ వయసులోనూ నాకు కష్టమే. అయినా చేస్తున్నాను.