ముక్కు చిల్లుకు బూడిద పెట్టించాను

"అమ్మా, నోరు తెరుసుకోటం నేదే. దవడలు పట్టీసినాయి."

"నాటకాలాపు. గంజి తాగుతావా, గరిటె కాడ ఎట్టి తెరవమంతావా?"

నాకూ నా కూతురు నూకాలుకీ మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవి. ఆ తర్వాత అది అయిదు రోజులు బతికింది. ఆ అయిదు రోజులూ మేము ఒక్క మాట మాట్లాడుకోలేదు. ఎందుకో చెబుతాను. నాకు వేలిముద్ర తప్ప రాత రాదు. నేను చెబుతుంటే మా మరిది కూతురు లక్ష్మి రాస్తోంది. ఆడపిల్లలకు ముక్కూ చెవులూ కుట్టించేవాళ్ళు వింటారని చెబుతున్నాను.

మాది భోగాపురం దిగువన సముద్రం ఒడ్డు. నా మొగుడు వేటకు పోయి తిరిగి రాలేదు. పదో రోజున ఆడవాళ్ళు నా ముక్కుపుడక తీసేశారు. దాన్ని సున్నపు డబ్బీలో పెట్టి చూరులో దాచాను. నా ముక్కు చిల్లు ఏడాదిలో పూడిపోయింది. ఆ పుడక నూకాలు ముక్కున చూడాలి. నాకు అంతకు మించి కోరిక లేదు. పిల్లకు పన్నెండేళ్ళు రాగానే కుట్టించాలని తొందరపెట్టింది నేనే.

మా వాళ్ళలో ఒక పద్ధతి ఉంది. ముక్కు కుట్టిన రోజు నుంచి అందులో బంగారం పడే రోజు దాకా మొగుడు పోయిన ఆడది ఆ చిల్లును ముట్టకూడదు, కుట్టేటప్పుడు చూడనూ కూడదు. కన్నతల్లి అయినా అంతే. ముడితే ఆ పిల్ల మొగుడు నిలవడంటారు. అందుకే కుట్టే రోజు నేను వాకిట్లోకి రాలేదు. చేపలకు ఉప్పు పట్టించే పాకలో కూర్చున్నాను. నూకాలుకూ లక్ష్మికీ ఒక్క రోజే, ఒక్క సూదితోనే కుట్టారు. నూలు దారం ఎక్కించి ముడివేశారు. నూకాలు పెట్టిన కేక పాకలోకి వినిపించింది. ఉండబట్టలేక తడిక సందులోంచి చూశాను.

మా తోటికోడలు గౌరమ్మ, అంటే లక్ష్మి తల్లి, నవ్వుతూ అంది: "అప్పా, నీ గుంట కోడిపిల్లనాగ అరుస్తన్నాది. నా గుంటని సూడు, కన్ను ఆర్పనేదు!"

నాకు తల కొట్టేసినట్టయింది. "ఒలే నూకాలూ, నోరు ముయ్యి, పరువు తీస్తన్నావు" అని పాకలోంచే అరిచాను.

ఆ ముక్కులు మానేదాకా చూసుకునే పని గౌరమ్మది. రోజూ ఆముదం చుక్క వేసి దారాన్ని అటూ ఇటూ తిప్పేది. అయితే మర్నాడే మా ఒడ్డున కవళ్ళ చేపలు దండిగా పడ్డాయి. లక్ష్మి బడికి వెళ్ళింది. నూకాలును నేను చేపల దగ్గర కూర్చోబెట్టాను. దాన్ని గోధుమ ఉప్మా పెట్టే రోజుల్లోనే బడికి పంపేదాన్ని. బడిలో టీచరమ్మ లక్ష్మి ముక్కు చూసి, నీళ్ళు మరగబెట్టి, చిటికెడు ఉప్పు వేసి, చల్లారాక కడుక్కోమని, చేత్తో ముట్టుకోవద్దని చెప్పిందట. లక్ష్మి అలాగే చేసింది. నూకాలు చేపల పేగులు తీసిన వేళ్ళతోనే ముక్కు రుద్దుకునేది. దురదేస్తే దారం లాక్కునేది. నేను చూస్తూనే ఉన్నాను. ముట్టకూడదు కాబట్టి పట్టించుకోకూడదు అన్నట్టు ఉన్నాను.

నాలుగో రోజుకు ముక్కు ఉబ్బి పసుపు నీరు కారింది.

"అప్పా, సీము పట్టినాది. ఏటి సెయ్యమంతావు?" అంది గౌరమ్మ.

"పిడక బూడిద అద్దు. తడి ఆరిపోతాది."

నా పొయ్యిలోని బూడిదే తీసి, ఆకులో వేసి, మొహం పక్కకు తిప్పుకుని అందించాను. అప్పుడు నా వెనక మూడు బస్తాల ఉప్పు ఉంది. ఉప్పు లేకపోతే చేప కుళ్ళిపోతుందని నాకు పుట్టిన దగ్గర్నుంచీ తెలుసు. పిల్ల ముక్కుకు ఉప్పునీళ్ళు పెట్టాలని మాత్రం తోచలేదు. ఆ బూడిద రోజుకు రెండుసార్లు చిల్లులోకి కూరింది గౌరమ్మ. అలా కూరమన్నది నేను.

పదో రోజు పొద్దున్న మెడ నొప్పి అంది నూకాలు. తట్ట ఎత్తడానికి బద్ధకం అనుకున్నాను. గంజి ఇస్తే తాగలేదు. అప్పుడే, మొదట చెప్పిన ఆ మాటలు.

గరిటె అన్నది ఊరికే బెదిరింపు కాదు. ఎడం చేత్తో తల వంచి పట్టుకుని, కాడ పళ్ళ మధ్య పెట్టి నొక్కాను. ముక్కుకు నా చెయ్యి తగలకుండా జాగ్రత్తపడ్డాను. ముందు పన్ను ఒకటి విరిగింది. గంజి మెడ మీదుగా కారిపోయింది. అది ఏడవలేదు. నా వైపు చూసింది. నేను తట్ట ఎత్తుకుని సంతకు వెళ్ళిపోయాను.

మధ్యాహ్నం తిరిగి వచ్చేసరికి గౌరమ్మ వీధిలో నిలబడి ఉంది. "ఓలమ్మో, బేగి రా అప్పా! గుంట ఇల్లునాగ ఒంగిపోతన్నాది!"

నిజంగానే విల్లులాగే ఉంది. తలా మడమలూ చాపను తాకుతున్నాయి, నడుము గాలిలో ఉంది. గాలి సోకిందని గౌరమ్మ వేపరొట్ట తెచ్చి కొట్టించింది. కొట్టిన ప్రతిసారీ పిల్ల ఇంకా బిగుసుకుంది. మా మరిది బండి కట్టి, ఆ తర్వాత బస్సు ఎక్కించి, విజయనగరం ఆసుపత్రికి చేర్చేసరికి మర్నాడయింది.

డాక్టరుగారు వయసులో చిన్నవాడే. పెదవి పైకెత్తి చూశాడు.

"ఈ పన్ను ఎలా విరిగింది?"

గౌరమ్మ నా వైపు చూసింది. "పడిపోనాది బాబూ" అన్నాను.

తర్వాత ముక్కు చూశాడు. చిల్లులోంచి గట్టిపడిన బూడిద గీకి తీశాడు. "ఏమిటిది?"

"పిడక బూడిద బాబూ."

"టెటనస్ ఉండేదే పేడలో, మట్టిలో. దాన్ని మీరే తెచ్చి పుండులో పెట్టారు. ముందే టెటనస్ ఇంజక్షన్ చేయించి ఉంటే రాకపోను. ఇప్పుడు దవడ పట్టేసే లాక్‌జా వచ్చేసింది. సీరం ఇస్తాం. డార్క్ రూమ్‌లో ఉంచుతాం. వెలుగు పడినా, చప్పుడైనా, ముట్టుకున్నా ఒళ్ళు బిగుసుకుని స్పాజమ్ వస్తుంది. ఎవరూ మాట్లాడకూడదు."

"దానికి తెలుస్తన్నాదా బాబూ?"

"పూర్తి స్పృహలో ఉందమ్మా. అన్నీ వింటోంది."

అదీ మేము మాట్లాడుకోకపోవడానికి కారణం. అది మాట్లాడలేదు, నేను మాట్లాడకూడదు. పది రోజులు వితంతువునని ముక్కు ముట్టలేదు. ఇప్పుడు ముడితే బిగుసుకుంటుందని ముట్టనివ్వలేదు. తలుపు పక్కన నేల మీద కూర్చుని ఒక్క మాట నోట్లో పెట్టుకుని ఉన్నాను. "నీది నాటకం కాదు" అని చెప్పాలి, అంతే. నోరు కదిపినప్పుడల్లా నర్సమ్మ పెదవుల మీద వేలు పెట్టి చూపించేది.

ఆసుపత్రిలో నాలుగో రోజు పళ్ళ సందున దూదితో పిండిన గ్లూకోజు నీళ్ళు దిగాయి. "ఇంకో వారం గడిస్తే ఆశ పెట్టుకోవచ్చు" అన్నాడు డాక్టరుగారు. ఆ మాట పట్టుకుని, ఇంటికెళ్ళగానే పుడక ఎక్కడ మెరుగు పెట్టించాలా అని ఆలోచించాను. ఇంకా పుడక గురించే ఆలోచించాను. ఆ సాయంత్రమే జ్వరం కాసింది. మర్నాడు మిట్టమధ్యాహ్నం వరండాలో ఎవరో గిన్నె జారవిడిచారు. లోపల మంచం కిర్రుమంది. నూకాలుకు గొంతు బిగుసుకుపోయి ఊపిరి ఆడలేదు.

నర్సమ్మ కిటికీ రెక్క తీసింది. "ఇప్పుడు ముట్టుకోవచ్చమ్మా" అంది.

ముక్కే ముట్టుకున్నాను. దారం అలాగే ఉంది.

ఊరికి వచ్చాక గౌరమ్మ పదిమందిలో అంది: "ఆ రోజు పాకలోంచి తొంగి సూసినాది. ఆ సూపే గుంటని తినీసినాది." ఏడాది పాటు నేనూ అదే నమ్మాను. బూడిద తప్పు అనుకోవడం కన్నా నా చూపు తప్పు అనుకోవడమే తేలికగా ఉండేది. లక్ష్మి ముక్కు మానాక, "పుడక నీకింకెందుకప్పా, లచ్చిమికి ఇచ్చీ" అంది గౌరమ్మ. ఇచ్చేశాను. ఇది రాస్తున్న లక్ష్మి ముక్కున ఉన్నది అదే. నీ ముక్కు మానింది, నా కూతురి ముక్కు మానలేదు. అది మెరిసినప్పుడల్లా నాకు నీ మీద కడుపు మండుతుంది లక్ష్మీ. ఇది కూడా రాయి. కొట్టెయ్యకు.

రెండేళ్ళయింది. ఇప్పటికీ చేపలకు ఉప్పు పడుతున్నాను. ఊళ్ళో ఎవరి పిల్లకు ముక్కు కుడుతున్నారని విన్నా వెళ్ళి వీధిలో నిలబడతాను. "ఎల్లు, ఎల్లు, నీ మొకం ఇక్కడేటి" అని తరుముతారు. ఒకామె కళ్ళాపి నీళ్ళు నా మీదే చల్లింది. తడిసిన చీరతోనే చెప్పాల్సింది చెప్పి వచ్చాను.

మీకూ అదే చెబుతున్నాను. సూది పడకముందే పిల్లను ఆసుపత్రికి తీసుకెళ్ళి టెటనస్ ఇంజక్షన్ చేయించండి. కుట్టే సూదిని నీళ్ళలో బాగా మరగబెట్టించండి. తర్వాత సబ్బుతో చేతులు కడుక్కుని, మరగబెట్టి చల్లార్చిన ఉప్పునీళ్ళతో పొద్దునా సాయంత్రం తుడవండి. బూడిద, పేడ దగ్గరికి రానివ్వకండి. దారం తిప్పకండి. చీము పట్టినా, దవడ బిగిసిందని పిల్ల అన్నా, ఆ గడియలోనే ఆసుపత్రికి నడవండి. అబద్ధమాడుతోందని అనుకోకండి.

"అయిపోనాదా లచ్చిమీ? మొదట్నించి సదువు. నిన్న సదివినప్పుడు గరిటె మాట మింగీసినావు, పన్ను ఇరిగిన కాడ గొంతు తగ్గించీసినావు. ఈయేల గట్టిగా సదువు. సప్పుడైతే బిగుసుకుపోయేవోళ్ళు ఈ ఇంట్లో ఇంకెవులూ నేరు."