మోతి ముక్కుకు పెట్టిన కాటుక

మా చిన్నప్పుడు... పొద్దున్నే అమ్మ కాటుక భరిణె దొంగిలించి, రైల్వే క్వార్టర్ వెనక కూర్చుని, మా కుక్క ముక్కుకు కాటుక పెట్టేదాన్ని.

నవ్వకండి. అది ముద్దుకు చేసిన పని కాదు.

నాయిన నాందేడ్‌లో గ్యాంగ్‌మన్. మా మోతిది జొన్నరొట్టె రంగు ఒళ్లు, నేరేడు పండు లాంటి ముక్కు. ఆ ఏడు చలి మొదలయ్యాక ఆ నలుపు మెల్లగా వెలిసిపోయి, మధ్యలో గులాబీ రంగు మచ్చ తేలింది. పక్క క్వార్టర్ మరాఠీ మావశి చూసి "కోడ్ ఝాలంయ్" అంటూ తన పిల్లల్ని లోపలికి లాక్కుంది. కోడ్ అంటే బొల్లి. బొల్లి అంటుకోదని అప్పట్లో మాకెవరూ చెప్పలేదు.

"పొల్లకు గిన అంటితె ఏంజేస్తం? ఐతారం దాక చూస్త. తగ్గకుంటె ధర్మాబాద్ మోండాల ఇడ్శిపెట్టొస్త," అన్నాడు నాయిన అమ్మతో. మోండా అంటే ధాన్యం బజారు.

అందుకే ఆ కాటుక... మోతి నాకేసేది, నేను మళ్లీ పెట్టేదాన్ని. రెండు రోజులకే దానికి అలవాటైపోయింది. నన్ను చూస్తే చాలు, ఎదురుగా కూర్చుని, కళ్లు మూసుకుని ముక్కు ముందుకు చాపేది.

నాయిన కూడా నమ్మాడు. శనివారం డ్యూటీ దిగి వచ్చి, "తగ్గినట్టే ఉన్నదే!" అని సంబరంగా దగ్గరికి తీసుకున్నాడు. ఆ సంతోషంలో అది మూతిని ఆయన తెల్ల బనీనుకు రుద్దింది...

తిడతాడనుకున్నాను. తిట్టలేదు.

"పొల్ల గింత దాచిందంటె రోగం మస్తు ముదిరినట్టే," అన్నాడు. మర్నాడు పొద్దున ప్యాసింజర్‌లో తీసుకుపోయాడు. నా కాటుకే దాని కొంప ముంచింది. ఆ మాట ఇన్నేళ్లలో ఎవరితోనూ అనలేదు.

ఎండాకాలంలో పెద్దమ్మ ఇంటికని ధర్మాబాద్ వెళ్లాం. ధాన్యం మోండా ముందు, గోనెసంచుల నీడలో మోతి! బాగా చిక్కిపోయింది. ముక్కు మాత్రం... నల్లగా, నిగనిగలాడుతూ, ఎప్పటిలాగే ఉంది.

ఉరికొచ్చి నా ముందు కూర్చుంది. కళ్లు మూసుకుని ముక్కు చాపింది.

"నాయినా, ఇంటికి తీస్కపోదాం..." అని ఏడ్చాను. అంతలో ఒక హమాలీ రొట్టె ముక్క పట్టుకుని దాన్ని ఏదో కొత్త పేరుతో పిలిచాడు. మోతి లేచి అటు పోయింది.

"అది ఇగ ఆయనది బిడ్డా," అన్నాడు నాయిన, నా వైపు చూడకుండా.

మొన్న చలికి మా అమ్మాయి పెంచుకునే కుక్క ముక్కు కూడా అట్లాగే వెలిసింది. ఫోటో తీసి డాక్టరుకు పంపింది. "కొన్ని కుక్కలకు చలికాలంలో ఇంతే, ఎండలు ముదిరితే మళ్లీ నల్లబడుతుంది, భయం లేదు" అని నిమిషంలో జవాబు వచ్చింది. అమ్మాయి నవ్వుకుంది. నేను వంటింట్లోకి పోయి ఏడ్చాను.

ఇప్పుడు ఒక్క ఫోటోతో తేలిపోతోంది... మేము ఒక్క ఎండాకాలం దాకా ఆగి ఉంటే చాలు కదా.

మీరూ అట్లా తొందరపడి వదిలేసుకున్న ప్రాణం ఉంటే, దానికి మీరు పెట్టుకున్న పేరు ఇక్కడ రాయండి...

మాది మోతి.