ఒక్క పేరుకు ఒక్క ఫోను

తిరుమల టీచర్‌కు బడి పోయింది గానీ పాఠం చెప్పే పని పోలేదు. జగిత్యాల జిల్లా కోరుట్లలో ఆమె సైన్సు చెప్పిన ప్రైవేటు బడి కరోనాలో మూతపడింది. అప్పటినుంచి ఒక ఆన్‌లైన్ కంపెనీకి ఇంటి వెనక గదిలోంచే చెబుతోంది. చప్పుడు వినబడుతుందని ఫ్యాను ఆపేయాలి, మొహం మీదికి లైటు పెట్టుకోవాలి, చెమట కారుతున్నా నవ్వాలి. బడిలో అయితే పిల్లల కళ్ళు చూస్తే పాఠం ఎక్కిందో లేదో తెలిసేది. ఇక్కడ సగంమంది కెమెరాలే పెట్టరు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. క్లాసు అయ్యేసరికి గొంతూ ఉండేది కాదు, ఓపికా ఉండేది కాదు.

వాళ్ళలో మల్లాపూర్ పిల్ల అక్షిత ఒక్కతే ఆమెకు ఊరట. సర్కారు బడిలో చదువుతూ, పరీక్ష రాసి కంపెనీలో ఉచిత సీటు తెచ్చుకుంది. అలాంటి పిల్ల ఈమధ్య వింతగా చేస్తోంది. క్లాసు సగమయ్యేసరికి కెమెరా ఆరిపోతుంది. పేరు మాత్రం తెరమీద ఉంటుంది, పిలిస్తే పలకదు. ఇవాళ కూడా పలక్కపోతే సీటు తీసేస్తామని కంపెనీవాళ్ళు పొద్దున్నే మెసేజ్ పెట్టారు.

ఆనాటి పాఠం ఘన, ద్రవ, వాయు స్థితులు. కంపెనీ ఇచ్చిన బొమ్మల్లో మంచుకొండలున్నాయి. జగిత్యాల ఎండల్లో మంచుకొండలేమిటి, నా మొహం, అనుకుని తిరుమల స్టీలు గ్లాసులో ఐసుగడ్డలు వేసి కెమెరా ముందు పెట్టింది. గ్లాసు బయట నీటిచుక్కలు పట్టాయి.

"గీ నీళ్ళు ఎక్కడియి?"

"గ్లాసు కారుతుంది టీచర్," అన్నాడు సిరిసిల్ల నుంచి జితేందర్. తక్కినవాళ్ళదీ అదే పాట.

"అక్షితా, నువ్వు చెప్పు."

అప్పుడే కెమెరా ఆరింది. పేరుంది, మాట లేదు. తిరుమలకు ఒళ్ళు మండింది. "నీకేమన్న సోయి ఉన్నదా? ఇయ్యాల గూడ పలకకపోతె నీ సీటు తీసేస్తరు. నేనాపలేను."

మైకు తెరుచుకుంది. వినబడింది మగగొంతు.

"మేడం, తియ్యకుండ్రి. నేను అక్షిత బాపును, ముత్యంను. దుబాయిల ఉంట. డ్యూటీ దిగినంక బిడ్డను సూద్దామని రోజు అస్తున్న. పాస్‌వర్డు మా ఆమెనడిగి తీస్కున్న. గని ఎప్పుడచ్చినా అందరు పిల్లలుంటరు, నా బిడ్డే కనవడదు. క్లాసు ఎగ్గొడ్తున్నదా మేడం?"

తిరుమలకు అప్పుడర్థమైంది. ఒక పేరుతో ఒక ఫోనులోనే క్లాసు నడుస్తుంది. అదే పేరుతో రెండో ఫోను లోపలికొస్తే మొదటిది బయటికి పోతుంది, రెండోది దిగేదాకా మళ్ళీ రానియ్యదు. ఈయన రాగానే అక్కడ పిల్ల ఫోను ఆగిపోతుంది. తెరమీద పడే ఇంగ్లీషు ముక్క అర్థంకాక, నెట్ పోయిందనుకుని పాపం ఆ పిల్ల సిగ్నల్ కోసం మిద్దె ఎక్కుతుంది. ఇన్నాళ్ళూ తను తిట్టిన తిట్లన్నీ ఈయన విన్నాడు. ఆ సంగతి తలుచుకుంటే సిగ్గేసింది. అయినా ఉన్న సంగతి ఆయనకు చెప్పింది.



"అంటె, నేనస్తే నా బిడ్డ పోతదా?"

"అవునన్నా."

"గట్లయితె నేనింక రాను మేడం. దాని సీటు మాత్రం ఉంచుండ్రి."

తెర మీంచి పేరు పోయింది. కొద్దిసేపటికి మళ్ళీ వచ్చింది, ఈసారి మొహంతో సహా. మిద్దె మీది గాలికి జుట్టు కళ్ళల్లో పడుతోంది.

"ఇప్పుడచ్చింది టీచర్ నెట్."

తిరుమల గ్లాసు చూపించి అదే ప్రశ్న అడిగింది.

"గ్లాసు కారలేదు టీచర్. గాలిల ఉన్న ఆవిరి సల్లటి గ్లాసుకు తాకి నీళ్ళయింది."

చక్కగా చెప్పింది. చెప్పి, ఫోను మొహం దగ్గరికి తెచ్చుకుంది. "మా బాపు దుబాయిలకెల్లి నన్ను సూస్తడట టీచర్, మా అమ్మ చెప్పింది. ఇప్పుడు నేను చెప్పింది ఇన్నడా?"

తెలియనిది తెలియదనడమే తప్ప, తిరుమల ఏ పిల్లకూ అబద్ధం చెప్పి ఎరగదు.

"ఇన్నడు బిడ్డా," అంది.

అసలు సంగతి విన్న పిల్లలంతా క్లాసులోనే ఉన్నారు, జితేందర్‌తో సహా. ఒక్కరూ నోరు మెదపలేదు.