మక్కీకి మక్కీ మాస్టారు

మక్కీకి మక్కీ మాస్టారికి ఉన్న జబ్బు ఒక్కటే. కాగితం మీద రాసి ఉన్నదే చేస్తారు, లేనిది చచ్చినా చేయరు. శిష్యులు పరిశోధనా వ్యాసం రాసి తెస్తే వెంటనే పత్రికకు పంపరు. దాన్ని పట్టుకుని ప్రయోగశాలలోకి వెళ్ళి, ఏమీ తెలియనివాడిలా ప్రయోగమంతా మళ్ళీ తనే చేస్తారు. ‘సీసాలో నీళ్ళు పోశాము’ అని ఒకడు రాస్తే, మూత మీదే పోశారు.

“మూత తీయాలి కదండీ!”

“ఎక్కడ రాశావు?”

ఇంట్లోనూ అంతే. ‘పాలు పొయ్యి మీద పెట్టండి’ అని భార్య చీటీ రాసి బయటికి వెళ్తే, పెట్టారు. వెలిగించలేదు. అప్పటినుంచి ఆవిడ పాలు ఎదురింట్లో అప్పగించి వెళ్తోంది.

ఈ వేడుకంతా చూసేవాళ్ళకే. ఆయన ఆఖరి శిష్యురాలికి మాత్రం ఒళ్ళు మండిపోయేది. నిల్వ ధాన్యానికి బూజు పట్టకుండా ఒక ఆకు సారం కాపాడుతుందని ఆమె కనిపెట్టింది. వ్యాసం అచ్చయితేనే పట్టా. ఉపకార వేతనం ఇంకో నాలుగు నెలలే. మాస్టారు చేసిన ప్రతిసారీ బూజు మాత్రం పచ్చగా, దర్జాగా పెరిగేది. ఒక్కో ప్రయత్నానికి రెండు వారాలు నీళ్ళపాలు.

“ఆకులు ఎక్కడ ఆరబెట్టారు మాస్టారూ?”

“డాబా మీద, ఎండలో.”

“అయ్యో, నీడలో ఆరబెట్టాలి! నేను నా గదిలో, ఫ్యాను కింద...”

“చదివేవాళ్ళందరూ నీ గదికి రాలేరమ్మాయ్. రాయి.”

‘నీడలో, నాలుగు రోజులు’ అని పళ్ళు కొరుక్కుంటూ రాసింది. తర్వాత జల్లెడ కన్నాల సైజు దగ్గర తగువు, సీసా కడిగిన నీళ్ళ దగ్గర తగువు. పదకొండోసారికి బూజు ఓడిపోయింది. అప్పటికే ఉపకార వేతనం ఆగిపోయింది. “ముసలాయన నా పొట్ట కొట్టాడు” అని ఆమె అటెండరు దగ్గర ఏడ్చింది. వ్యాసం మీద మొదటి పేరు, ఆ ప్రయోగశాల గుమ్మం తొక్కని డైరెక్టరు గారిది.

అచ్చయిన మూడు నెలలకు ఇంకో ప్రయోగశాల నుంచి ఫిర్యాదు వచ్చింది. తాము చేస్తే పనిచేయలేదనీ, అంకెలన్నీ కల్పితమనీ. విచారణ పెట్టారు. పట్టా ఇవ్వబోమన్నారు. డైరెక్టరు గారు తన పేరు తానే మర్చిపోయారు.

“నాకేం సంబంధం? రాసింది ఆ అమ్మాయి!”

మాస్టారు విచారణలో అందరి ముందూ, ఫిర్యాదు చేసినవాళ్ళకు స్పీకరు పెట్టి ఫోన్ చేశారు.

“ఆకులు ఎలా ఆరబెట్టారు?”

“ఓవెన్లో పెట్టామండీ. అందరూ చేసేదే కదా.”

“రెండో పేజీ, మూడో వాక్యం చదవండి.”

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు వినిపించింది. ‘నీడలో, నాలుగు రోజులు’ అని అవతలి గొంతు నెమ్మదిగా చదివింది. ఫిర్యాదు వెనక్కి పోయింది. డైరెక్టరు గారికి తన పేరు మళ్ళీ గుర్తొచ్చింది.

ఆమె మాస్టారి గదికి వెళ్ళింది. “మిమ్మల్ని చాలా తిట్టుకున్నాను మాస్టారూ.”

“తిట్టుకోవాల్సిందే. చాలా ఏళ్ళ కిందట నా శిష్యుడొకడు ఇలాంటి వాక్యమే రాశాడు. అందరికీ తెలిసిందేలే అని నేనే కొట్టేశాను. తర్వాత ఎవరు చేసినా ప్రయోగం కుదరలేదు. వాణ్ణి అబద్ధాలకోరన్నారు. నేను నోరెత్తలేదు. వాడు చదువే మానేశాడు.”

“తప్పు మీదని ఆయనకి చెప్పారా?”

మాస్టారు సొరుగులోంచి ఒక ఉత్తరం తీశారు. “రాస్తూనే ఉన్నాను. ఇది ముప్పై ఏడో ప్రతి. ఇంకా స్పష్టంగా రాలేదు.”

నాలుగు పేజీలు. ‘అప్పటి పరిస్థితుల దృష్ట్యా’, ‘ఒక విధంగా చూస్తే’... శిష్యులెవరైనా ఇలా రాస్తే ముఖాన కొట్టేవారు. ఆమెకు కోపం వచ్చింది, జాలీ వేసింది. ఆయన ఎర్ర పెన్నే తీసుకుని పేజీలకు పేజీలు కొట్టేసి, రెండే వాక్యాలు మిగిల్చింది.

‘ఆ వాక్యం కొట్టేసింది నేను. నువ్వు అబద్ధం చెప్పలేదు.’

మాస్టారు రెండుసార్లు చదివారు. వేలు పెట్టడానికి ఎక్కడా సందు దొరకలేదు.

“నీ దగ్గర కవరుందా అమ్మాయ్?” అన్నారు.