వచ్చేస్తున్నా గారి వీడ్కోలు సభ

నీటి సరఫరా ఆఫీసులో ఆయన్ని అందరూ ‘వచ్చేస్తున్నా గారు’ అనేవారు. ఎప్పుడు ఫోన్ చేసినా ఆ ఒక్క ముక్కే చెప్పేవాడు. చెప్పేటప్పుడు ఇంట్లో ఒక కాలికి చెప్పు తొడుక్కుని, రెండోది ఎక్కడుందా అని ఆలోచిస్తూ ఉండేవాడు. బద్ధకస్తుడనడానికి లేదు, పొద్దున్నే లేచేవాడు. గుమ్మం దాటేసరికే పుణ్యకాలం కాస్తా గడిచిపోయేది.

రిటైరయ్యే రోజున, భోజనానికి ఇంటికి వెళ్ళి మంచి చొక్కా వేసుకుని భార్యతో సహా సభకు రమ్మన్నారు. మనిషి సంగతి తెలిసిన మేనేజరు ఒక గంట ముందరి టైము చెప్పాడు.

భార్య ముస్తాబై గడపలో నిలబడింది. ఆయన గుండీలు పెట్టుకుంటూ కిటికీలోంచి చూస్తే, ఎదురింటి మేడ మీదికి బీరువా ఎక్కిస్తున్నారు. అది మెట్ల మలుపులో ఇరుక్కుంది.

“నువ్వు పద, వెనకాలే వచ్చేస్తున్నా,” అన్నాడు.

ఇన్నేళ్ళు కాపురం చేసిన మనిషి కనుక ఆవిడ ఆటో ఎక్కింది.

ఆయన ఎదురింటికి వెళ్ళి, బీరువా మోసేవాళ్ళకు ముందు ఎడమకు తిప్పమని, తర్వాత కుడికి తిప్పమని సలహా చెప్పాడు. బీరువా పైకి చేరాక వాళ్ళతోపాటు తానూ చెమట తుడుచుకున్నాడు. దారిలో మీసం సరిచేయించుకుందామని మంగలి షాపులో ఆగి, అక్కడున్న పేపరును తప్పిపోయిన కుక్క ప్రకటనతో సహా చదివాడు.

అవతల సభ మొదలైంది. ఖాళీ కుర్చీని ఎంతసేపని పొగుడుతారు? చివరికి మేనేజరు ఆవిడను రెండు మాటలు చెప్పమన్నాడు.

“ఇన్నాళ్ళూ పగలు మీరు ఎదురుచూశారు, సాయంత్రాలు నేను చూశాను. పంచుకున్నాం కాబట్టి నెట్టుకొచ్చాం. రేపట్నుంచి మొత్తం నా నెత్తిన పడుతుంది. ఎవరైనా జాలిపడి ఆయనకు ఇంకో ఉద్యోగం చూడండి,” అందావిడ.

హాలంతా నవ్వింది. ఆవిడ నవ్వలేదు.

ఆయన చేరేసరికి ఊడ్చే ఆవిడ కుర్చీలు పేరుస్తోంది. అందరూ ఆయన గురించి చాలా బాగా మాట్లాడారని, కాఫీ కూడా అయిపోయిందని చెప్పింది. ఆయన మిగిలిన ఒక్క కుర్చీలో కూర్చున్నాడు. వారం రోజులుగా మనసులో కూర్చుకున్న ఉపన్యాసమంతా ఆమెకే చెప్పేశాడు. ఆమె చీపురు పట్టుకునే ఓపిగ్గా విని, ఆ కుర్చీ కూడా తీయాలి, కాస్త లేవమంది.

ఇంటికొస్తే, ఆఫీసువాళ్ళు బహుమతిగా ఇచ్చిన పడక్కుర్చీలో భార్య కాళ్ళు చాపుకుని పడుకుని ఉంది.

“అది నాకిచ్చింది కదా?” అన్నాడు.

“వచ్చినవాళ్ళకిచ్చారు,” అంది ఆవిడ కళ్ళు తెరవకుండానే.

ఆయన పక్కనే నేల మీద చతికిలబడ్డాడు. తన గురించి ఎవరెవరు ఏమన్నారో చెప్పమని బతిమాలాడు.

“చెబుతాలే, తొందరేముంది,” అంటూ ఆవిడ అటు తిరిగి పడుకుంది.