కార్పొరేటర్ గారి సమాధి వెతికిన రోజు

ఉదయం తొమ్మిది దాటాక ఫోన్ వచ్చింది. మాట్లాడినావిడ కొత్తవాడలో ఒకప్పటి కార్పొరేటర్ కూతురు. ములుగు దగ్గర సర్కారు బడిలో టీచర్. ముందురోజు సాయంత్రం వాళ్ల అమ్మ పోయింది. నేను ఓదార్పు మాటల కోసం వెతుక్కుంటుంటే ఆమె వాటి కోసం ఆగలేదు.

"అంకుల్, డాడీని మట్టి చేసిననాడు మీరు ఫొటో తీసిండ్రు గదా. అది ఇంకా ఉన్నదా?"

ఉందన్నాను. ముప్పై ఏళ్లు ఒక దినపత్రికకు వరంగల్ నుంచి వార్తలు పంపినవాణ్ని. ఆ ఫొటోలన్నీ కవర్లలో పెట్టి, మీద సందర్భం రాసి దాచుకున్నాను.

"దాంట్ల గోరీ ఏడున్నదో కనిపిస్తదా?"

అప్పుడు విషయం చెప్పింది. చర్చి సంఘం వాళ్ల సమాధుల తోట నిండిపోయింది. కొత్తగా ఎవరికీ స్థలం ఇవ్వడం లేదు. ఇంట్లోవాళ్ల సమాధి అక్కడ ఉంటే దాన్నే మళ్లీ తెరిచి పెట్టుకోవచ్చు. లేదంటే పరకాల రోడ్డులో ఊరికి దూరంగా తీసుకున్న కొత్త జాగాకు పోవాలి. ఆమె తండ్రి పోయి ఇరవై ఏళ్లు. ఆయన సమాధి మీద రాయి లేదు. అప్పట్లో పాతిన కర్ర సిలువ ఎప్పుడో చెదలు తినేసింది.

రాయి ఎందుకు లేదో నాకు తెలుసు. ఘనంగా స్మారకం కట్టిస్తామని అంత్యక్రియలనాడు నాయకులు ప్రకటించారు. ఆ వాక్యం నేనే రాశాను, మొదటి పేజీలో వచ్చింది. నాయకులు కడతామన్నాక తాము వేరే కట్టుకుంటే వాళ్లను తక్కువ చేసినట్టు అవుతుందని ఇంటివాళ్లు ఆగారు. అలా ఆగుతూనే ఉండిపోయారు.

"నాలుగింటికి భూస్థాపన. రెండింటి లోపల జాగ దొరకకపోతే బండిని కొత్త తోటకు పంపిస్తమన్నడు పాస్టరు గారు. అమ్మ ఎప్పుడు ఒక్కటే అనేది అంకుల్. 'మీ డాడీ చుట్టు జనం లేకుండ ఒక్కనాడు ఆయన దగ్గర కూసోలేదు. అక్కడన్న కూసుంట' అని."

ఫొటో దొరికింది. బయలుదేరే ముందు కిటికీ దగ్గర పెట్టి చూశాను. చేయెత్తి మాట్లాడుతున్న ఒక పెద్ద నాయకుడు, ఆయన చుట్టూ చిన్న నాయకులు, ఒకరి చేతిలో పూలచక్రం. ఎవరి ముఖమూ తప్పిపోకుండా జాగ్రత్తగా తీశాను. సమాధి ఒక్కటే ఫొటోలో లేదు.

తోటకు వెళ్లేసరికి కూతురు గేటు దగ్గర ఉంది. ఫొటో చూసి తిరిగి ఇచ్చేసింది.

ఆ తోటలోకి నేను వృత్తిరీత్యా చాలాసార్లు వెళ్లాను. ఒక ఎమ్మెల్యే, ఒక మునిసిపల్ వైస్ చైర్మన్, సమితి ప్రెసిడెంటుగా చేసిన ఒక పెద్దాయన, ఇద్దరు ముగ్గురు కార్పొరేటర్లు అక్కడే ఉన్నారు. చావు దగ్గర అందరూ సమానమని మేం పేపర్లో రాసేవాళ్లం. అక్కడ నడిస్తే అలాంటిదేమీ కనిపించదు. వైస్ చైర్మన్ మీద తెరిచిన పుస్తకం ఆకారంలో పాలరాయి ఉంది. సమితి ప్రెసిడెంటు చుట్టూ ఇనుప కంచె, దానికి తాళం. ఎమ్మెల్యే మీద నల్ల గ్రానైట్ అరుగు, నాలుగు స్తంభాలు, పైకప్పు. ఆ నీడలో రెండు కుటుంబాలు కూర్చుని అన్నం తినొచ్చు.

తోటను చూసుకునే ఆమెకు అరవై దాటి ఉంటాయి. భర్త పోయాక గడ్డపార ఆమె చేతికి వచ్చింది. ఇప్పుడు తవ్వేది నలభై ఏళ్ల కొడుకు. ఎక్కడ తవ్వాలో చెప్పేది మాత్రం ఆమె. సంఘం రిజిస్టరులో పేరు, తేదీ ఉంటాయి కానీ ఎవరు ఏ చోట ఉన్నారన్నది ఉండదు. అది ఆమెకు తెలుసు, అంతే.

"ఏం సారు, పేపర్ల నుంచి తీసేసిండ్రా, మీరే ఇడిచిపెట్టిండ్రా?" అంది నన్ను చూసి.

"రిటైరైన అక్కా."

"మంచిగైంది. మీ పేపర్ల సచ్చినోళ్లందరు మంచోళ్లే ఉంటుండె. ఇన్నేండ్లల్ల ఒక్క చెడ్డోడన్న ఈ తోటకు రాలేదా అనుకునేదాన్ని."

కూతురు చెప్పింది విని, "కార్పొరేటర్ సారు గదా, ఎమ్మెల్యే తలకాడికెళ్లి గోడ దిక్కు మూడు గడ్డపారలు. ఫికర్ చేయకు బిడ్డా" అంది. గ్రానైట్ అరుగు అంచుకు మడమ ఆనించి నిలబడి, గడ్డపారను నేల మీద కొసకు కొస ఆనించి మూడుసార్లు పొర్లించింది. కాలితో గీత గీసింది. కొడుకు మొదలుపెట్టాడు.

మోకాలి లోతు పోయాక ఆమె "ఆపు" అంది. కిందికి వంగి పిడికెడు మట్టి తీసుకుని వేళ్లతో నలిపింది. కాస్త వాసన చూసింది. పారేసింది.

"ఈడ ఎవ్వరు లేరు. ఇది నడిచే తొవ్వ."

"నువ్వే గదనే చూపెట్టినవు" అన్నాడు కొడుకు చెమట తుడుచుకుంటూ.

"నేను సక్కగనే చూపెట్టిన. ఎమ్మెల్యేనే జరిగిండు."

కూతురికి నవ్వొచ్చింది. పొద్దుటి నుంచి ఆమె నవ్వడం అదే మొదలనుకుంటాను.

అప్పుడు తోట చూసుకునే ఆమె మాకు మట్టి సంగతి చెప్పింది. ఆ తోటలో పైన నడుములోతు ఎర్రమన్ను, దాని కింద గులకల మొరం. ఒకసారి తవ్వి పూడ్చితే రెండూ కలిసిపోతాయి, ఎన్నేళ్లయినా మళ్లీ విడిపోవు. ఎర్రమన్నులో ఒక్క మొరం గులక కూడా లేదంటే అక్కడ మనిషిని పెట్టలేదన్నట్టే. అంటే తను కొలత తప్పలేదు, కొలిచిన చోటే తప్పు. పోయిన ఎండాకాలం ఆమె కంటి ఆపరేషన్ చేయించుకుని నెలరోజులు పరకాలలో తన కూతురింట్లో ఉంది. ఆ నెలలోనే ఎమ్మెల్యే మనుషులు వచ్చి పాత సమాధి తీసేసి ఈ అరుగు కట్టారు. ఎటు ఎంత పెంచారో చూసినవాళ్లు లేరు. అసలు మనిషి ఆ గ్రానైట్ కింద ఏ మూలన ఉన్నాడో ఆమెకూ ఇప్పుడు తెలియదు.

"బతికున్నప్పుడు ఊరంత ఆయన జాగనే అనేటోడు. ఇప్పుడు తొవ్వ గూడ ఆయనకే పాయె."

పదకొండున్నర అయింది. పాస్టరు ఫోన్ చేశాడు. కూతురు "చూస్తానం అయ్యగారు, ఇంకా చూస్తానం" అంటూ గోడ దాకా వెళ్లి, తిరిగి వచ్చింది. "ఎక్కడో ఒక్కకాడ తవ్వి పెట్టేస్తే అయిపోదా అని తమ్ముడు ఫోన్ల గొడవ పెడుతున్నడు" అంది.

"ఎక్కడో ఒక్కకాడంటే ఎవ్వరో ఒక్కరి మీద" అంది తోట చూసుకునే ఆమె. "సారు, ఆ ఫొటో జర ఇటియ్యి."

"దాంట్లో మొఖాలే ఉన్నయక్కా."

"మొఖాలు మీకు. ఇటియ్యి."

చెట్టు నీడలోకి తీసుకుపోయి, ఆపరేషన్ అయిన కంటికి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది. నేను ఆ ఫొటోను తీశాను, కడిగించాను, కింద వ్యాఖ్య రాశాను. డెస్కులో ముగ్గురు చూశారు. ఊరంతా చూసింది.

"ఈ పెద్దసారు గింత పొడుగా?" అని అడిగింది.

నేను ఆలోచించాను. ఆయన పొట్టి మనిషి, నా భుజం దాకా వస్తాడు. ఫొటోలో మాత్రం అందరికంటే తల ఎత్తున ఉన్నాడు.

"కాదు."

"మరి దేని మీద ఎక్కిండు?"

ఇరవై ఏళ్లుగా నా దగ్గర ఉన్న ఫొటోలో ఆ ప్రశ్న ఉందని నాకు తెలియలేదు.

ఆమె కళ్లు మూసుకుని నిలబడింది. "మా ఆయన ఆనాడు లొల్లి పెట్టుకున్నడు. 'సారూ దిగు, అది గోరీ, దాని మీద ఎక్కద్దు' అని. దిగలే. మాట్లాడుడు అయిపోయేదాక దిగలే. అది మిషినాయన గోరీ."

మిషినాయన ఎవరో నాకు వెంటనే తెలిసింది. అసెంబ్లీకి నాలుగుసార్లు ఇండిపెండెంటుగా నిలబడ్డ దర్జీ. గుర్తు కుట్టుమిషన్. రిక్షాలో మైకు పెట్టుకుని తనే తిరిగేవాడు. నాలుగుసార్లూ డిపాజిట్ పోయింది. అభ్యర్థుల జాబితా చివర ప్రతిసారీ ఆయన పేరొకటి రాసి ఊరుకునేవాణ్ని. ఆయన ఈ తోటలో ఉన్నాడని కూడా నాకు తెలియదు.

ఆమె ఎవరినీ అడగకుండా వైస్ చైర్మన్ పాలరాయి వెనక్కి నడిచింది. వయ్యారిభామ మొక్కలు నడుమెత్తు పెరిగి ఉన్నాయి. రెండు చేతులతో పక్కకు తోసింది. మోకాలెత్తు రాయి. మీద సిలువ, సిలువ కింద చెక్కిన కుట్టుమిషన్.

"ఓట్లు పడలేదు గని రాయి కదలలేదు" అంది.

తర్వాత ఆమె చేసిన పని నేను దగ్గర నిలబడి చూశాను. ఫొటోను రాయి మీద పరిచింది. అందులో నీడలు పడిన వైపు వేలు పెట్టింది. "పొద్దు గూకే యాళ్ల. నీడలు తూర్పుకు వడ్డయి. అంటే పెద్దసారు మొఖం తూర్పు గోడ దిక్కున్నది. బొంద చూసుకుంటనే గదా మాట్లాడుతాండు. ఈ పూలు పట్టుకున్నాయన దాని అంచుకు ఉన్నడు." రాయికి మడమ ఆనించి గోడ వైపు తిరిగింది. గడ్డపార ఒకసారి పొర్లించింది. ఆపైన రెండు జానలు కొలిచింది. గీత గీసింది.

కొడుకు ఈసారి నాలుగు పారలు తీయగానే ఎర్రమన్నులో తెల్ల గులకలు కనిపించాయి.

"ఈడ మనిషున్నడు" అంది. కూతురు ముందుకు రాబోతే చేత్తో ఆపింది. "మనిషున్నడన్న. మీ నాయినే అనలే. ఆయన ఒంటి మీద గుర్తేమన్న ఉన్నదా బిడ్డా?"

కూతురు తడుముకోలేదు. "స్కూటర్ మీదికెళ్లి పడ్డప్పుడు పెద్ద దవాఖానల కుడి తొడకు రాడ్ వేసిండ్రు."

"ఇనుమైతే ఉంటది. ఉంటే ఆయనే, లేకపోతే చేతులు జోడించి పూడుస్త."

ఛాతీలోతు వచ్చాక కొడుకును పైకి రమ్మంది. "ఇగ పార తాకద్దు" అని, కొంగు నడుముకు చుట్టుకుని తనే దిగింది. అరవై దాటిన మనిషి ఆ గుంతలో మోకాళ్ల మీద కూర్చుని చేతులతో మట్టి తోస్తోంది. పెట్టె తాలూకు మేకులు వచ్చాయి. ఒక్కొక్కటే ఏరి గట్టు మీద పెట్టింది. కూతురు నా మోచేయి పట్టుకుంది. ఎంతసేపు అలా పట్టుకుందో ఇద్దరం గమనించలేదు.

గుంతలోంచి ఆమె తల ఎత్తింది. చేతిలో జానెడున్నర కడ్డీ. కొంగుతో తుడిచి కూతురి వైపు చాచింది. కూతురు దాన్ని రెండు చేతులా అందుకుని కళ్లకద్దుకుంది. తర్వాత ఫోన్ తీసి, "అయ్యగారు, డాడీ దొరికిండు. అమ్మను ఇక్కడికే తీసుకరండ్రి" అంది.

తెల్లబట్ట పరిచారు. ఆమె ఎముకలను తల వైపు నుంచి వరుసగా తీసి, మట్టి దులిపి, బట్టలో పెట్టింది. ఒక్కటి కూడా విసిరినట్టు పెట్టలేదు. చిన్నవి చాలా ఉన్నాయి, చేతివేళ్లవి, కాలివేళ్లవి. వాటి కోసం మట్టిని వేళ్ల మధ్య జల్లెడ పట్టింది. అన్నీ వచ్చాయని ఆమెకెలా తెలిసిందో నాకు తెలియదు, కానీ ఒకచోట ఆగి, ఇంకొంచెం వెతికి, మరొకటి తీసి, అప్పుడు మూట కట్టింది.

"నాయినను పట్టుకో బిడ్డా. వీడు ఇంకింత లోతు చేస్తడు."

కూతురు గట్టు మీద కూర్చుని మూటను ఒళ్లో పెట్టుకుంది. వార్డులో గొడవలు తీర్చడానికి, కుళాయిలు వేయించడానికి, సంతకాలు పెట్టడానికి తిరిగి తిరిగి అలిసిన మనిషి. నా ఎత్తుండేవాడు. ఆ ఒళ్లో పసిపాప అంత ఉన్నాడు.

"డాడీ ఇంతసేపు ఒక్కకాడ కూసున్నది నేను ఎన్నడు చూడలేదు అంకుల్" అంది.

రెండున్నరకు గుంత తయారైంది. మామూలుగా పాత ఎముకల మూటను కొత్త పెట్టె కాళ్ల దగ్గర పెడతారట. కూతురు అలా వద్దంది. పక్కన పెట్టాలంది. ఆమె ఒప్పుకుంది. గుంత గోడలో మూట పట్టేంత గూడు తొలిస్తానంది. పార చేతికి తీసుకుని ఆగింది.

"మీ అమ్మ ఇంట్ల ఏ పక్కకు పండుకునేది?"

కూతురు కొంచెం ఆలోచించింది. "గోడ పక్కకు. డాడీ తలుపు పక్కకు పండుకునేటోడు. రాత్రిపూట ఎవరో ఒకరు వచ్చి పిలిచేటోళ్లు. అమ్మకు నిద్ర చెడకుండ లేసి పోవాలని."

ఆమె గుంతలో నిలబడి రెండు వైపులా చూసింది. ఒకవైపు తోట ప్రహరీ. రెండోవైపు సమాధుల మధ్య నుంచి గేటుకు పోయే దారి.

"ఇప్పుడు పిలిచేటోళ్లు ఎవ్వరు లేరు గదా" అంది. "ఆయన్ను గోడ పక్కకు పెడుత. అమ్మ ఇటు పండుకుంటది. ఆయన లేవాల్నంటే ఆమెను దాటుకుంట పోవాలె."

ప్రహరీ వైపు గూడు తొలవడం మొదలుపెట్టింది. గేటు దగ్గర బండి ఆగిన చప్పుడు వినిపించింది. కూతురు మూటను గుండెకు ఆనించుకుని లేచి, అమ్మకు ఎదురు వెళ్లింది.